క్లాస్‌రూమ్ టెక్: 75 అంగుళాల స్మార్ట్ బోర్డు చెప్పలేనిది ఒక కాగితం కార్డు ఎలా చెబుతుంది?

స్మార్ట్ బోర్డు రివ్యూ అనగానే మనం మొదట చూసేవి ఏంటి? సైజు ఎంత, 4కే ఉందా, ఎన్ని టచ్ పాయింట్లు, లోపల ఏ ఆండ్రాయిడ్, ర్యామ్ ఎంత. పంజాగుట్ట షోరూముల్లో టీవీని చూసినట్టే చూస్తాం. కానీ క్లాస్‌రూమ్ కోసం కొనే గ్యాడ్జెట్‌కి ఇంకో స్పెక్ ఉంది, దాన్ని ఏ బాక్స్ మీదా రాయరు. ఎవరికి అర్థం కాలేదన్న సంగతి క్లాస్ అయిపోయేలోపే సార్‌కి తెలుస్తుందా?

ఈ ఒక్క ప్రశ్నతో క్లాస్‌రూమ్ టెక్నాలజీ మొత్తాన్ని రెండు ముక్కలు చేయొచ్చు. సార్ నుంచి స్టూడెంట్ వైపు మాత్రమే సమాచారం పంపేవి ఒక రకం. స్టూడెంట్ నుంచి సార్‌కి తిరిగి తెచ్చేవి ఇంకో రకం. డబ్బు ఎక్కువగా మొదటి రకం మీద ఖర్చవుతుంది, ఫలితం ఎక్కువగా రెండో రకం నుంచి వస్తుంది. ఎందుకో చూద్దాం.

అమీర్‌పేట క్లాస్ ఎలా నడుస్తుంది?

పంజాగుట్ట నుంచి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే అమీర్‌పేట. దిగి మైత్రీవనం వైపు వస్తే కోర్ జావా, పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్ అని ఒకదాని మీద ఒకటి ఫ్లెక్సీలు కనిపిస్తాయి. బీటెక్ అయ్యాక నేనూ ఇక్కడే ఒక కోర్సు చేశా. సెటప్ అందరికీ తెలిసిందే: పొడవాటి హాలు, సార్‌కి కాలర్ మైక్, గోడలకి స్పీకర్లు, ముందు బోర్డు, పక్కన ప్రొజెక్టర్. పేరున్న ఫ్యాకల్టీ బ్యాచ్ అయితే వందల మంది. సార్ చెప్తారు, మనం రాసుకుంటాం. మిస్సయితే కింద జిరాక్స్ షాపులో నోట్స్ దొరుకుతాయి.

ఈ మోడల్‌ని తక్కువ చేయకూడదు. ఒక మంచి ఫ్యాకల్టీ ఖర్చుని వందల మంది పంచుకుంటారు కాబట్టే ఫీజు అందుబాటులో ఉంటుంది. చాలా ఇళ్లలో మొదటి సాఫ్ట్‌వేర్ జీతం ఈ రోడ్డు మీది నుంచే వెళ్లింది.

సమస్య "అర్థమైందా?" దగ్గర మొదలవుతుంది. సార్ అడుగుతారు, ముందు రెండు వరుసలు "అయింది సార్" అంటాయి, క్లాస్ ముందుకెళ్తుంది. వెనకున్న నూటయాభై మంది సంగతి ఎవరికీ తెలీదు. ఇంజనీరింగ్ భాషలో ఇది ఓపెన్ లూప్ సిస్టమ్. టైమర్‌తో తిరిగే పాత వాషింగ్ మెషిన్ లాంటిది: మురికి పోయిందా లేదా చూడదు, టైమ్ అవగానే ఆగిపోతుంది. ఏసీ అలా కాదు. గది ఎంత చల్లబడిందో సెన్సర్ చెప్తుంటే కంప్రెసర్ దాన్ని బట్టి నడుస్తుంది. మన క్లాసుల్లో లేనిది ఆ సెన్సరే.

సెన్సర్ లేకపోతే నష్టం ఎవరికి? ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ, ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకుంటూ చదివేవాళ్లకి. రెండో వారంలో ఒక కాన్సెప్ట్ తప్పుగా ఎక్కితే, దాని మీద కట్టిన ప్రతిదీ వంకరగానే లేస్తుంది. ఆ విషయం మూడు నెలల తర్వాత ఇంటర్వ్యూలో బయటపడుతుంది. అప్పటికి ఫీజు, హాస్టల్ డబ్బు, టైమ్ మూడూ అయిపోయి ఉంటాయి.

పెద్ద స్క్రీన్, శాటిలైట్ టీవీ, ట్యాబ్: అన్నీ వన్ వే

ఇప్పుడు క్లాసుల్లోకి వస్తున్న ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్స్ చూడండి. 65, 75, 86 అంగుళాల సైజులు, 4కే రెజల్యూషన్, చాలావాటిలో ఇన్‌ఫ్రారెడ్ టచ్. బొమ్మలు బాగా కనిపిస్తాయి, సుద్దముక్క దుమ్ము ఉండదు. అయితే "ఇంటరాక్టివ్" అనేది బోర్డుకీ సార్ వేలికీ మధ్య జరిగేదే. నాలుగో బెంచీలో ఉన్న కుర్రాడికి అది పెద్ద టీవీ.

టీవీ క్లాసుల అనుభవం మనకి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీగా నడిచిందే తెలంగాణలో 2017లో టీ-శాట్ అయింది. కరోనాలో బడులు మూసేసినప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు చెప్పారు. ఫోన్, నెట్ లేని ఇంటికి కూడా పాఠం చేర్చడంలో టీవీని మించింది లేదు. కానీ పిల్లాడు మధ్యలో ఎక్కడ ఆగిపోయాడో టీవీకి తెలిసే దారి లేదు.

మరి చేతికే డివైస్ ఇస్తే? ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎ7 లైట్‌లు ఇచ్చారు. 8.7 అంగుళాల స్క్రీన్, 5100 ఎంఏహెచ్ బ్యాటరీ, లోపల ముందే లోడ్ చేసిన బైజూస్ కంటెంట్. హార్డ్‌వేర్‌గా ఆ పనికి సరిపోయే ట్యాబే. కానీ డివైస్ చేతికి రావడం, చదువు రావడం ఒకటేనా? ఈ ప్రశ్నకి పెరూ దేశం మనకంటే ముందే జవాబు చూసింది. అక్కడి పల్లెల్లో 319 బడుల మీద చేసిన పరిశోధన 2012లో వచ్చింది. పిల్లలకి ల్యాప్‌టాప్‌లు అందాయి, వాడకం పెరిగింది, లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం పెరగలేదు.

దీన్ని బట్టి స్క్రీన్‌లన్నీ దండగ అనుకోవద్దు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ని బడి అయ్యాక సెంటర్లలో వాడి చూశారు. కార్తీక్ మురళీధరన్ బృందం ఆ ఫలితాలని 2019లో ప్రచురించింది. కేవలం నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో గట్టి మెరుగుదల కనిపించింది. తేడా ఎక్కడుంది? ఆ సాఫ్ట్‌వేర్ పిల్లాడి జవాబులు చూసి, వాడు నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో అక్కడి నుంచి ప్రశ్నలు ఇస్తుంది. అంటే సెన్సర్ ఉంది.

ఒక్క ఫోన్, కొన్ని కాగితాలు: ప్లిక్కర్స్

అలాంటి సెన్సర్‌ని దాదాపు పైసా ఖర్చు లేకుండా క్లాస్‌లో పెట్టే టూల్ ప్లిక్కర్స్. స్టూడెంట్స్ దగ్గర ఫోన్ ఉండాల్సిన పనే లేదు.

ఇలా పనిచేస్తుంది. వెబ్‌సైట్ నుంచి కార్డులు ప్రింట్ తీస్తారు. ప్రతి కార్డు మీద క్యూఆర్ కోడ్‌లా ఒక నలుపు తెలుపు బొమ్మ, దానికో నంబర్. ఆ నంబర్ ఒక స్టూడెంట్‌ది. కార్డు నాలుగు వైపులా ఏ, బి, సి, డి అని చిన్న అక్షరాలు ఉంటాయి. మీ జవాబు ఏ అయితే ఏ పైకి వచ్చేలా పట్టుకుంటారు. సార్ తన ఫోన్‌లో యాప్ తెరిచి కెమెరాని క్లాస్ మొత్తం మీద ఒకసారి తిప్పుతారు. ఎవరి కార్డు, ఏ వైపు తిరిగి ఉంది అన్నది యాప్ చదివేస్తుంది. కొన్ని సెకన్లలో జవాబులన్నీ ఫోన్‌లోకి వచ్చేస్తాయి.

అసలు కిటుకు ఆ చిన్న అక్షరాల్లో ఉంది. పక్కవాడు ఏం ఎత్తాడో దూరం నుంచి చూసి చెప్పడం కష్టం. చెయ్యి ఎత్తమంటే టాపర్ వైపు చూసి ఎత్తేవాళ్లు కూడా ఇక్కడ సొంతంగా ఆలోచించాల్సిందే. తప్పు చెప్తే నవ్వుతారన్న భయమూ ఉండదు.

గమనించాల్సినవి: ఒక సెట్‌లో గరిష్ఠంగా 63 కార్డులే ఉంటాయి. మెరిసే ల్యామినేషన్ చేయిస్తే ట్యూబ్‌లైట్ వెలుగు పడి స్కాన్ అవదు, మామూలు మందపాటి కాగితం మేలు. ఫోన్‌కి నెట్ కావాలి. ఉచిత ప్లాన్‌లో కొన్ని పరిమితులున్నా మొదలుపెట్టడానికి సరిపోతుంది.

రెండొందల మంది బ్యాచ్‌లో ఏం చేయాలి? అరవై కార్డుల్ని ముందు, మధ్య, వెనక వరుసల్లో సమానంగా పంచితే చాలు. సగం మందికి అర్థం కాలేదా, పదిమందికేనా అన్నది ఆ శాంపిల్ చెప్పేస్తుంది. కార్డులన్నీ ముందు వరుసలకే ఇస్తే మళ్లీ పాత "అయింది సార్" సర్వేనే.

ఓటింగ్ అయ్యాక మొదలయ్యేదే అసలు పాఠం

జవాబులు తెలిస్తే సరిపోదు, వాటితో ఏదైనా చేయాలి. 1991 నుంచి హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ వాడుతున్న పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. దాని పేరు పీర్ ఇన్‌స్ట్రక్షన్. పుస్తకంలో లెక్కలు చకచకా చేసే తన స్టూడెంట్స్ మామూలు కాన్సెప్ట్ ప్రశ్నల దగ్గర తడబడటం చూసి ఆయన లెక్చర్ తీరే మార్చేశాడు.

మన జావా క్లాస్‌లో అది ఎలా ఉంటుందో చూడండి. ప్రశ్న: న్యూ కీవర్డ్ వాడి, ఒకే పదంతో రెండు స్ట్రింగ్ ఆబ్జెక్టులు తయారు చేశాం. వాటిని డబుల్ ఈక్వల్స్‌తో పోల్చి ప్రింట్ చేస్తే ఏం వస్తుంది? ఏ: ట్రూ. బి: ఫాల్స్. సి: కంపైల్ ఎర్రర్. డి: రన్ అయ్యేటప్పుడు ఎక్సెప్షన్.

మొదట ఎవరితో మాట్లాడకుండా ఓటు. కరెక్ట్ జవాబులు బాగా తక్కువుంటే టాపిక్ మళ్లీ చెప్పాలి. దాదాపు అందరూ కరెక్టయితే ముందుకెళ్లిపోవచ్చు. సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే అసలు మజా: జవాబు చెప్పకుండా, "పక్కవాళ్లది వేరే జవాబైతే వాళ్లని ఒప్పించండి" అని రెండు నిమిషాలు ఇవ్వాలి. తర్వాత మళ్లీ ఓటు, ఆ తర్వాతే వివరణ.

ఆదివారాలు కొందరు జూనియర్లకి నేను జావా చెప్తుంటా. ఇదే ప్రశ్న వేస్తే మొదటి రౌండ్‌లో ట్రూ వైపే కార్డులు ఎక్కువ లేచాయి. రెండు నిమిషాలు గోలగోలగా వాదించుకున్నాక చాలామంది బి వైపు తిప్పారు. "రెండు ఇళ్లు ఒకేలా ఉన్నా డోర్ నంబర్లు వేరు కదరా, డబుల్ ఈక్వల్స్ చూసేది డోర్ నంబరే" అని ఒకబ్బాయి పక్కవాడికి చెప్పడం విన్నా. నా స్లైడ్ కంటే ఆ మాట బాగుంది. లోపలి పదాలు పోల్చాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలని వాళ్లే చెప్పేశారు. వెంటనే ఇంకో ప్రశ్న: న్యూ లేకుండా నేరుగా కోట్స్‌లో రాస్తే? ఈసారి ట్రూ, ఎందుకంటే స్ట్రింగ్ పూల్‌లో ఉన్న ఒకే ఆబ్జెక్ట్‌ని రెండూ చూపిస్తాయి. బట్టీ పట్టినవాళ్లు ఎవరో, అర్థమైనవాళ్లు ఎవరో ఈ రెండో ప్రశ్నతో తేలిపోతుంది.

జవాబు తెలిసినవాడు చెప్తే మిగతావాళ్లు కాపీ కొట్టడమే కదా అని అనుమానం రావచ్చు. కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2009లో సైన్స్ జర్నల్‌లో దీన్నే పరీక్షించారు. గ్రూప్‌లో మొదట ఎవరికీ కరెక్ట్ జవాబు తెలియకపోయినా, చర్చ తర్వాత అర్థం చేసుకోవడం మెరుగైంది.

కహూట్, గూగుల్ ఫామ్స్ సంగతేంటి?

నార్వే నుంచి వచ్చిన కహూట్‌లో మ్యూజిక్, లీడర్‌బోర్డ్ ఉంటాయి, క్లాస్ నిద్ర లేస్తుంది. కానీ త్వరగా నొక్కినవాళ్లకి పాయింట్లు ఎక్కువ కాబట్టి ఆలోచన కంటే వేలి స్పీడ్ గెలిచే ప్రమాదం ఉంది. పైగా అందరికీ ఫోన్, నెట్ కావాలి. రివిజన్‌కి బాగుంటుంది, కొత్త కాన్సెప్ట్‌కి వద్దు. గూగుల్ ఫామ్స్ ఉచితం, ఇంటి దగ్గర చేయించే క్విజ్‌కి చక్కగా సరిపోతుంది.

మర్నాడు మొదటి ఐదు నిమిషాలు

కార్డుల ఇంకో ఉపయోగం నిన్నటి పాఠం మీద మూడు ప్రశ్నలు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒక గ్రూప్ పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో గ్రూప్ ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, రెండో గ్రూప్‌ది 75. వారం తర్వాత తిరగబడింది: చదివినవాళ్లకి 42, గుర్తు తెచ్చుకున్నవాళ్లకి 56. రికార్డింగ్‌ని రెండోసారి 2ఎక్స్‌లో చూసేవాళ్లు ఈ లెక్కని ఒకసారి ఆలోచించండి.

ఫ్రీ డెమో దగ్గర జాగ్రత్త

అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్‌ని ఫ్రీ డెమో చూసి ఎంచుకుంటాం. సార్ ఆగకుండా గడగడా చెప్తే "ఏం చెప్పాడ్రా" అని ఫీజు కట్టేస్తాం. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో ఒక విషయం తేలింది. తమతో పని చేయించిన క్లాస్‌లో స్టూడెంట్స్ నిజంగా ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కటి లెక్చర్ విన్నవాళ్లది దీనికి రివర్స్. కష్టపడి ఆలోచించడం అర్థం కానట్టు అనిపిస్తుంది, సాఫీగా వినడం వచ్చేసినట్టు అనిపిస్తుంది. డెమోలో మనం కొలిచేది రెండోదాన్నే.

కాబట్టి ఈసారి డెమోకి వెళ్తే మూడు విషయాలు చూడండి. గంటలో ఒక్కసారైనా క్లాస్ మొత్తం చేత జవాబు చెప్పించారా? తప్పు జవాబులు చూశాక సార్ పాఠం దారి మార్చారా? నిన్నటి టాపిక్ ఇవాళ అడిగారా?

వెర్డిక్ట్

బడ్జెట్ ఉంటే ముందు మంచి మైక్, స్పీకర్లు కొనండి. వినపడని పాఠాన్ని ఏ స్క్రీన్ కాపాడలేదు. ఫ్లాట్ ప్యానెల్ తర్వాతి సంగతి, ఉంటే మంచిదే. కార్డులు మాత్రం ఈ వారమే ప్రింట్ తీయొచ్చు, జిరాక్స్ షాపులో రెండు మూడొందల్లో పని అయిపోతుంది. అదీ కుదరకపోతే ఛాతీ దగ్గర ఒకటి నుంచి నాలుగు వేళ్లు చూపించమనండి, పైసా ఖర్చు లేదు. మీరు సార్ కాకపోయినా పర్లేదు. హాస్టల్ రూమ్‌లో నలుగురు కూర్చుని, ఒకరు ప్రశ్న వేసి, అందరూ ముందు పేపర్ మీద జవాబు రాసి, ఆ తర్వాత వాదించుకుంటే చాలు. ఇంటర్వ్యూ బోర్డు కంటే ముందే, మీకేం రాదో మీకు తెలిసిపోతుంది.