సున్నపురాతిలో కుందేలు లేదు!

సూర్యాపేట నుండి కోదాడ మీదుగా బెజవాడ పోయే రోడ్డు మీద తిరిగినవారికి సిమెంటు లారీలు కొత్త కాదు. కోదాడకు దక్షిణాన మేళ్ళచెరువు వైపున, మిర్యాలగూడ దాటి మూసీనది కృష్ణలో కలిసే వాడపల్లి వైపున సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయంటే, అక్కడి భూమిలో సున్నపురాయి సమృద్ధిగా వుండబట్టే. ఏళ్ళ తరబడి ఆ గనులను తవ్వుతున్నారు. కొండలంత రాయి పిండి అయిపోయింది. అయినా ఆ రాతిపొరల్లో ఏనాడూ ఒక కుందేలు ఎముక బయటపడలేదు. కుందేలు మాట అటుంచి, చేపముల్లు కూడా కనిపించలేదు.

ఇలా దొరకకపోవడం కూడా ఒక సాక్ష్యమేనంటే ఆశ్చర్యంగా వుంటుంది గదూ?

జె.బి.ఎస్. హాల్డేన్ అని ఒక గొప్ప జీవశాస్త్రజ్ఞుడు వుండేవారు. ఇంగ్లండులో పుట్టి, 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. జంతువులన్నీ ఒక వంశవృక్షానికి కొమ్మలేనన్న పరిణామ సిద్ధాంతం తప్పని ఒప్పుకోవాలంటే మీకు ఏం చూపించాలని ఎవరో అడిగితే, ప్రీకేంబ్రియన్ యుగపు రాతిలో ఒక కుందేలును చూపించండి చాలునని ఆయన జవాబిచ్చారని చెబుతారు. ప్రీకేంబ్రియన్ అంటే ఎముకలున్న జంతువులేవీ ఇంకా పుట్టని కాలం. మన మేళ్ళచెరువు, వాడపల్లి సున్నపురాళ్ళు సరిగ్గా ఆ యుగానివే! తాతగారి పెళ్ళినాటి ఫొటోలో మనవడు కనిపిస్తే ఎంత విడ్డూరమో, ఆ రాతిలో కుందేలు కనిపిస్తే అంత విడ్డూరం.

మరి అంతకంటే తరువాతి కాలపు రాళ్ళలో ఏమున్నది? అందుకు మనం రాష్ట్రానికి ఉత్తరాన వున్న గోదావరి లోయకు పోవాలి. అక్కడి కోట శిలలు జురాసిక్ యుగానివి. అంటే వాటి వయస్సు 15 కోట్ల సంవత్సరాలకు పైమాటే. వాటిలో యామనపల్లి దగ్గర ఒక రాక్షసబల్లి జాతి ఎముకలు బయటపడ్డాయి. 1988లో దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో పిల్లలకు చూపించవచ్చు. ఆ కోట శిలల్లోనే మిల్లీమీటర్లలో కొలవవలసినంత చిన్న దంతం ఒకటి దొరికింది. అది పాలిచ్చే జంతువుల తొలి బంధువులలో ఒకదానిది. 1981లో ఆ చిట్టి జంతువుకు హాల్డేన్ పేరే కలిసివచ్చేటట్లు కోటథీరియం హాల్డేని అని నామకరణం చేశారు. రాతిపొరలలో జంతువులు ఇట్లా వరుస తప్పకుండా వస్తాయి. ముందు రావలసినది ముందు, వెనుక రావలసినది వెనుక.

ఇది మొదటి సాక్ష్యం.

రెండవ సాక్ష్యం కోసం గనులకు పోనక్కరలేదు. మీ చేతిని ఒకసారి తడిమి చూసుకోండి. భుజం నుండి మోచేతి దాకా ఒకే ఎముక. అక్కడి నుండి మణికట్టు దాకా రెండు ఎముకలు. తరువాత చిన్న చిన్న మణికట్టు ఎముకలు, ఆపైన వేళ్ళు. మాంసాహారుల ఇండ్లలో ఆదివారం నాడు కోడిరెక్కను విడదీసి చూడండి. ఒక ఎముక, తరువాత రెండు ఎముకలు, చివర కుదించుకుపోయిన మూడు వేళ్ళు. మర్రిచెట్టుకు వేలాడే గబ్బిలం రెక్కలోనూ అదే వరుస. కాకుంటే వేళ్ళు గొడుగు కమ్ముల్లా సాగాయి. మేక ముందరి కాలికి మోకాలని మనం అనుకునేది నిజానికి దాని మణికట్టు! చీలిన గిట్ట రెండు వేళ్ళ కొసలు. పైన వెనుకవైపు వేలాడే చిన్న గిట్టలు మిగిలిన రెండు వేళ్ళు.

పట్టుకోవడానికి చేయి, ఎగరడానికి రెక్క, నడవడానికి కాలు: పనులు వేరు, పనిముట్టు ఒకటే. వేరువేరుగా తయారు చేసినవైతే ఈ పోలిక అవసరం లేదు. ఒకే పూర్వీకుని ఆస్తిని వారసులు తలా ఒక విధంగా వాడుకుంటే మాత్రం ఇట్లాగే వుంటుంది.

మేక వెనుక కాలి చీలమండలో రెండు కొసలా గిలకలాగా వుండే చిన్న ఎముక ఒకటున్నది. ఆవు, గేదె, దుప్పి వంటి చీలిన గిట్టల జంతువుల గుర్తు అది. పాకిస్తాన్‌లో దొరికిన ప్రాచీన తిమింగలాల శిలాజాలలో అటువంటి ఎముకే కనిపించిందని 2001లో ప్రకటించారు! ఆనాటి తిమింగలాలకు ఇంకా కాళ్ళుండేవి. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్‌లో ఎ. రంగారావు అనే భూగర్భశాస్త్రజ్ఞుడు సేకరించిన ఎముకలలో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువు వున్నది. దానికి 1971లో ఆ పేరు పెట్టినది ఆయనే. ఆయన మరణానంతరం ఆ రాళ్ళను పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞులు, దాని చెవి ఎముక తిమింగలాల చెవి ఎముకను పోలివున్నదని 2007లో ప్రకటించారు. మన పెరట్లో మేకకు సముద్రంలో తిమింగలం దూరపు చుట్టమన్నమాట!

మూడవ సాక్ష్యం రక్తంలోనే వున్నది. అడవిలో దొంగతనంగా వేటాడిన మాంసం ముక్క పట్టుబడితే, అది జింకదా మేకదా అని తేల్చేదెట్లా? హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఎస్.కె. వర్మ, లాల్‌జీ సింగ్ ఒక పద్ధతి కనిపెట్టి 2003లో ప్రకటించారు. చాలా రకాల జంతువుల కణాలలో వుండే ఒకే జన్యువులోని అక్షరాలను చదవడం అది. జన్యువు అందరిదీ ఒకటే గనుక ఒక్క పరీక్ష అన్నింటికీ పనిచేస్తుంది. అక్షరాలలో స్వల్పభేదాలు వుంటాయి గనుక జాతి తెలుస్తుంది. దగ్గర చుట్టాలకు తేడాలు తక్కువ, దూరపు చుట్టాలకు ఎక్కువ. తిమింగలానికి బ్రతికివున్న జంతువులలో అతి దగ్గర బంధువు నీటిగుర్రమనీ, ఆవూ మేకా ఆ తరువాతివనీ డి.ఎన్.ఏ. కూడా చెబుతున్నది. రాయి, ఎముక, జన్యువు ఒకదానినొకటి సంప్రదించుకోని సాక్షులు. అయినా ముగ్గురి వాఙ్మూలమూ ఒక్కటే.

“అయితే మనం కోతికి పుట్టామా?” అని పిల్లలు అడుగుతారు. మీ పెదనాన్నగారి అబ్బాయి మీకు తాత కాడు గదా! మీ ఇద్దరికీ తాత ఒక్కడే. కోతికీ మనకూ వున్న సంబంధం అటువంటిది.

పిల్లల ఈ ప్రశ్నకు బడిలో జవాబు దొరకాలి. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పాఠాల భారం తగ్గించే పేరుతో పదవ తరగతి సైన్సు పుస్తకం నుండి పరిణామ పాఠాన్ని తీసివేశారు. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ అభ్యంతరం చెబుతూ లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండవ తరగతి జీవశాస్త్రంలో అది వున్నదన్నారు. కానీ జీవశాస్త్రం తీసుకోని పిల్లవానికి పదవ తరగతే ఆఖరు మజిలీ.

పుస్తకంలో వున్నా లేకపోయినా సాక్షులు ఎక్కడికీ పోలేదు. గనిలో రాయి వున్నది, పెరట్లో మేక వున్నది, మన భుజానికి చేయి వున్నది. చూపించి చెప్పే పెద్దలు ఇంట్లో వుంటే చాలు.