పాలపిట్టకు పంజరం కాదు, తాటిమోడు కావాలి

బ్రిటిష్ వాళ్లు మన పాలపిట్టను బ్లూ జే అని పిలిచారు. ఆ పేరు అసలు అమెరికా పిట్టది. అది కాకుల జాతి. పాలపిట్ట లకుముకికి దగ్గరి చుట్టం. తేడా పేరుతో పోలేదు. అమెరికాలో మనవాళ్లు పెరట్లో పల్లీలు పోస్తే బ్లూ జే వచ్చి వాలుతుంది. పాలపిట్ట గింజ ముట్టదు. దానికి నేలమీద పురుగు కావాలి, కనిపెట్టి కూర్చునేందుకు కాస్త ఎత్తు కావాలి, గుడ్లు పెట్టేందుకు తొర్ర కావాలి. అందుకే పల్నాటిలో దాన్ని చూడాలంటే పొలం గట్టుకే వెళ్లాలి.

మిరప, పత్తి చేల పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది కంటికి ఆనదు. గోధుమవన్నె రొమ్ము, పెద్ద తల, కదలని మెడ. కింద మిడత కదిలిందా, రెక్కలు విప్పి జారుతుంది. ముదురు నీలం, లేత నీలం పట్టెలు పట్టెలుగా మెరుస్తాయి. ఆ ఈకల్లో నీలిరంగు పదార్థమే లేదు. ఈకలోని అతి సన్నని అల్లికలో వెలుగు చెదిరి ఆ నీలం పుడుతుంది. తేలు దొరికినా, బల్లి దొరికినా కొమ్మకేసి బాది మింగుతుంది. మార్చి నుంచి జూన్ దాకా గుడ్ల కాలం. అప్పుడు మగది గాల్లో పల్టీలు కొడుతూ అరుస్తుంది. ఇంత చేసే పిట్టకు గట్టి మానులో తొర్ర తొలుచుకోవడం రాదు. వడ్రంగిపిట్ట వదిలేసినదో, తల రాలిన తాటిమోడో దొరకాలి.

విజయదశమినాడు దీన్ని చూస్తే శుభమని నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనక్కర్లేదు. కానీ పట్టి బోనులో పెట్టి చూపించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణకు రెండు ఒడ్డులా ఇదే రాష్ట్రపక్షి. తెలంగాణ దాన్నే ఉంచుకుంది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. ‘ఇంకా కనిపిస్తూనే ఉందిగా’ అనొచ్చు. నిజమే, ప్రపంచ జాబితాలో ఇది ముప్పు లేని పక్షే. అయితే ఆ అంచనాను మళ్లీ చూడాలని 2023 భారత పక్షుల స్థితి నివేదిక కోరిన 14 పక్షుల్లో పాలపిట్ట ఒకటి. దాని తిండైన పురుగును పురుగుమందు చంపుతుంది, అయినా ఆ మందు కొట్టకుంటే మిరప చేతికి రాదన్న రైతు మాటనూ కొట్టిపారేయలేం. కానీ మోడును ఉంచడానికి పైసా ఖర్చు లేదు. గట్టు మీది తాటిమోడు నరకక తప్పదనుకుంటే, కనీసం జూన్ దాటేదాకా ఆగండి.