వాకిట్లో అర్రకు వెచ్చదనం: కుంపటి వద్దు, 200 యూనిట్లు దాటొద్దు

డిసెంబర్, జనవరి వచ్చిందంటే కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, గోదావరిఖని వైపు రాత్రుళ్లు వణికిస్తాయి. ఎండాకాలంలో 45 డిగ్రీల వేడి చూసే ఈ నేల మీద, చలికాలం కొన్ని రాత్రులు 10-12 డిగ్రీలకు దిగుతాయి. ఇంట్లో అందరూ ఒకచోట ఉంటే చలి అంతగా తెలియదు. వాకిట్లోనో పెరట్లోనో విడిగా వేసిన రేకుల అర్రలో పనిచేసే వాళ్లకే దాని సంగతి తెలుస్తుంది. అమెరికా కంపెనీకి రాత్రి షిఫ్టు చేసే అబ్బాయి, గల్ఫ్‌లోని పిల్లలకు ఆన్‌లైన్‌లో ఖురాన్ చెప్పే ఆపా, కుట్టు మిషన్ పెట్టుకున్న చెల్లె, వీళ్లందరికీ ఇషా తర్వాత వేళ్లు కొంకర్లు పోతాయి.

అప్పుడు మనం సాధారణంగా చేసే పనులు రెండు. ఒకటి, బొగ్గు కుంపటి తెచ్చి లోపల పెట్టడం. రెండోది, బజారుకెళ్లి 2000 వాట్ల హీటర్ కొనడం. మొదటిది ప్రాణానికి ముప్పు, రెండోది జేబుకు.

కుంపటి ఎందుకు వద్దు?

సింగరేణి ఊళ్లలో బొగ్గుకు కరువు లేదు. బయట రాజేసి, పొగంతా పోయాక ఎర్రటి నిప్పులను లోపలికి తెస్తే ఏమీ కాదని చాలామంది నమ్మకం. ఇది తప్పు. పొగ లేని నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. దాంతో శరీరానికి ఆక్సిజన్ అందదు.

మొదట తలనొప్పి, తర్వాత వికారం, కళ్లు తిరగడం, మత్తు. రాత్రి పని చేసే మనిషి ఇదంతా నిద్ర లేక అనుకుంటాడు. జర తల వాలుస్తాడు, ఇక లేవకపోవచ్చు. ఉత్తర భారతంలో ప్రతి చలికాలం మూసిన గదుల్లో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. కట్టెల బొగ్గు అయినా, గ్యాస్ స్టవ్ అయినా మూసిన గదిలో ఇదే ప్రమాదం. తలుపు కొంచెం తీసి ఉంచామన్నంత మాత్రాన భరోసా లేదు.

రాత్రి పడుకునే ముందు ఇంట్లో నిప్పు ఆర్పేయమని ముహమ్మద్ ప్రవక్త (స) ఆదేశించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. కొడుకు మీద ప్రేమతో కుంపటి తెచ్చిపెట్టే అమ్మీకి ఈ మాట చెబితే తప్పక వింటుంది.

ఎవరైనా అలా స్పృహ తప్పి కనబడితే వెంటనే తలుపులు తెరిచి, మనిషిని బయటి గాలికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. గదిలో కుంపటి ఉందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఇలాంటప్పుడు అంకె బాగానే చూపించి మోసం చేస్తుంది.

హీటర్ లెక్క

1000 వాట్ల హీటర్ గంట నడిస్తే 1 యూనిట్. రోజుకు 4 గంటల చొప్పున నెలకు 120 యూనిట్లు. 2000 వాట్లదైతే 240.

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. 200 దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మీ ఇంటి వాడకం ఇప్పుడు 150 యూనిట్లు అనుకోండి. 1000 వాట్ల హీటర్ తోడైతే 270 అవుతుంది. 2022 నాటి టారిఫ్ ప్రకారం 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆపై 100కు రూ.7.70 చొప్పున పడుతుంది. అంటే విద్యుత్ చార్జీలే 1,559 రూపాయలు. సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు.

ఖరీదైన ఆయిల్ హీటర్ కొంటే కరెంటు తక్కువ కాలుతుందనేది కూడా భ్రమే. రాడ్ హీటర్ అయినా, ఆయిల్ హీటర్ అయినా ఒక యూనిట్ కరెంటుకు ఇచ్చే వేడి ఒక్కటే.

గదిని కాదు, మనిషిని వెచ్చబెట్టండి

రేకుల అర్రలో గాలిని వేడి చేస్తే అది పైకి వెళ్లి రేకు గుండా బయటికి పోతుంది. అందుకే వేడి మనిషి దగ్గరే ఉండేలా చూసుకోవాలి. జపాన్‌లో కొటాట్సు అని ఒక పొట్టి బల్ల ఉంటుంది. దాని చుట్టూ బొంత కప్పి, కింద చిన్న హీటర్ పెట్టి, కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటారు. గది చల్లగా ఉన్నా మనిషి వెచ్చగా ఉంటాడు. మనకు హీటర్ లేకుండానే ఈ పని అవుతుంది.

- రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్: లీటరున్నర నీళ్లు కాచడానికి యూనిట్‌లో ఏడో ఎనిమిదో వంతు చాలు. మరీ మరిగే నీళ్లు పోయకుండా, బ్యాగ్‌కు గుడ్డ చుట్టి, పాదాల దగ్గర పెట్టి, మోకాళ్ల మీద రజాయి కప్పుకోండి.
- గొంగడి: కురుమలు నేసే ఉన్ని గొంగడికి మించింది లేదు. భుజాల మీద ఒకటి చాలు.
- విద్యుత్ హీటింగ్ ప్యాడ్: 60 వాట్లదైతే రోజుకు 4 గంటలు వాడినా నెలకు 7 యూనిట్ల పైచిలుకే. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. మడత పెట్టకండి, తడి తగలనీయకండి.
- చిన్న హాలోజన్ హీటర్: తప్పదనుకుంటే 400 వాట్ల మీదే నడపండి. 4 గంటల చొప్పున నెలకు 48 యూనిట్లు. 150 వాడే ఇంటికి ఇది 198, అంటే అంచు మీద నడకే. రోజుకు 2 గంటలే నడిపితే 24తో సరిపోతుంది.

అర్రను కట్టుదిట్టం చేయండి

రేకుకూ గోడకూ మధ్య సందుల్లో గుడ్డలు కుక్కండి. తలుపు కింద గోనెసంచి చుట్టి పెట్టండి. రేకు కింద వెదురు తడిక కడితే మధ్యలో గాలి పొర నిలిచి చలి తగ్గుతుంది, ఎండాకాలంలో వేడి కూడా తగ్గుతుంది. బల్బు, వైర్లు తడికకు దూరంగా ఉండాలి. కట్టేటప్పుడు సిమెంటు రేకులను కోయకండి, రంధ్రాలు చేయకండి. పాత రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కింద బండలు చల్లగా ఉంటాయి కాబట్టి చాప, దాని మీద దరీ పరవండి. పగలు కిటికీ తెరిచి ఎండ రానిచ్చి, అసర్ తర్వాత మూసేయండి.

చివరగా వైరు సంగతి. ఇంట్లోంచి పొడుగు ఎక్స్‌టెన్షన్ లాగి అర్రకు కరెంటు ఇవ్వడం మన దగ్గర మామూలే. లాప్‌టాప్‌కు, బల్బుకు అది నడుస్తుంది. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల బోర్డు అంత తట్టుకోదు, కరిగి మంటలు రావొచ్చు. పెద్ద హీటర్ పెట్టాలంటే ఎర్తింగ్, ఎంసీబీ, 16 ఆంపియర్ల ప్లగ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాకే పెట్టండి.

ఇవాళ రాత్రి అర్రలో కూర్చునే ముందు మీటర్‌లో రీడింగ్ చూసి, ఈ నెల ఎన్ని యూనిట్లు అయ్యాయో లెక్కేసుకోండి. కుంపటి ఉంటే వాకిట్లోనే ఉంచండి. చలి కాచుకోవాలంటే అందరూ బయటే దాని చుట్టూ కూర్చుని కాచుకోండి, లేచేటప్పుడు నీళ్లు చల్లి ఆర్పేయండి.