సర్కారు బడిలో ఏది సంస్కృతి, ఏది మతం?

వసంత పంచమికి సర్కారు బడిలో సరస్వతి పూజ చేస్తే దాన్ని సంస్కృతి అంటారు. అదే బడిలో ఒక పిల్ల మెడలో సిలువో, తల మీద హిజాబో కనిపిస్తే మతం గుర్తొస్తుంది. ఈ తేడా రాజ్యాంగంలో లేదు.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని ఆర్టికల్ 28(1) చెప్తుంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థలో విద్యార్థిని సమ్మతి లేకుండా మతబోధకు, పూజకు, ప్రార్థనకు రప్పించకూడదని 28(3) చెప్తుంది. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. ఈ కట్టడి సంస్థకు. విద్యార్థికి ఆర్టికల్ 25 తన విశ్వాసాన్ని ఆచరించే హక్కునిచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం వంటి పరిమితులకు లోబడి.

1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని జాతీయ గీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. యెహోవా సాక్షులైన ఆ పిల్లలు గీతం వినబడినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోమంది. 2022 అక్టోబర్ 13న కర్ణాటక హిజాబ్ కేసులో మాత్రం సుప్రీంకోర్టు ఒక్క మాట మీద నిలవలేదు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించారు, జస్టిస్ సుధాంశు ధూలియా తప్పుబట్టారు.

దళిత విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి ఇందులో ఇంకో ముడి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మతంతో కట్టేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే బీసీ-సీకి దక్కేది 1 శాతం. వాడలో అంటరానితనం మాత్రం చర్చికి వెళ్లినవాణ్ణీ వదల్లేదు.

అందుకే ఈ పిల్లలకు సిలువ వేసుకోవడం నమ్మకం ఒక్కదానికి సంబంధించిన విషయం కాదు, స్కాలర్‌షిప్పుకూ సీటుకూ సంబంధించిన భయం. ఆ భయానికి కారణం ఉంది. తమిళనాడులో ఒక దళిత డాక్టర్ క్రైస్తవుణ్ణి పెళ్లి చేసుకున్నారు. ఆమె క్లినిక్ గోడకు సిలువ ఉందని అధికారులు ఎస్సీ సర్టిఫికెట్ రద్దు చేశారు. 2021లో మద్రాస్ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు ఇంకో వైపు తిరిగింది. బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది.

ఈ రెండు తీర్పులూ కలిపి చదవాలి. గోడ మీది సిలువ ఒక్కటే మతమార్పిడికి రుజువు కాదు. కాబట్టి మెడలో గొలుసు చూసి రికార్డులో మతం గడి మార్చే అధికారం టీచరుకు లేదు. అలా మారిస్తే తల్లిదండ్రులు హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, అందినట్టు సంతకం తీసుకోవాలి. పూజకు కూర్చోమని బలవంతం చేసినా ఇదే దారి.

విద్యార్థి సంఘాలు బడుల్లో ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మూడో పేరా మీద పోరాటం ఇంకా పెద్దది, అది కోర్టుల్లోనూ వీధుల్లోనూ సాగాలి. పిల్లవాడు తన దేవుణ్ణి దాచుకుంటేనే హక్కు దక్కుతుందంటే, ఆ బడి అందరిదీ అని మనం ఎలా అనగలం?