లారీ పొగగొట్టములోని మసి ఫిల్టరు

భారత్ స్టేజి 6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అప్పటినుండి క్రొత్త డీజిలు లారీల పొగగొట్టములో మసిని పట్టు ఫిల్టరు ఉండుచున్నది. ఇది తేనెపట్టు వలె సన్నని గొట్టములు గల పింగాణి దిమ్మె. ప్రతి గొట్టము ఒక కొన మూయబడి యుండును. అందుచే పొగ గోడలలోని సూక్ష్మ రంధ్రముల గుండా పోవును. మసి లోపలనే నిలుచును.

మసి బొగ్గు వంటిదే కనుక కాలిపోవును. బరువుతో దూరము పోవు లారీలో పొగ వేడి 250 డిగ్రీల సెంటిగ్రేడు దాటగా, అందలి నైట్రొజన్ డయాక్సైడు మసిని మెల్లగా కాల్చును. ఊరికి, మార్కెట్ యార్డుకు మాత్రమే తిరుగు లారీలో ఇంత వేడి నిలువదు. అప్పుడు యంత్రము కొంత డీజిలును అదనముగా చిమ్మును. అది ఫిల్టరు ముందున్న కెటలిస్టుపై మండగా వేడి సుమారు 600 డిగ్రీలకు పెరిగి, మసి కాలును.

రైతు సోదరులు గమనింపవలసినది ఇదే. శుద్ధి జరుగునప్పుడు పొగగొట్టము మిక్కిలి కాగి యుండును. అట్టి లారీని కళ్లములో గడ్డిపై నిలిపిన వామికి నిప్పంటుకొనవచ్చును. నేల శుభ్రముగా నున్న చోటనే నిలుపవలెను. గ్రామాధికారులు నూర్పిళ్ల కాలములో ఈ సంగతి అందరికి తెలుపవలెను.

శుద్ధి దీపము వెలుగుచుండగా ఇంజను ఆపరాదు. మాటిమాటికి ఆపినచో మసి పేరుకొని ఇంజను బలము తగ్గును. ఇంజను ఆయిలు వలన వచ్చు బూడిద మాత్రము కాలదు. దానిని కార్ఖానాలో తీయించవలెను. కంపెనీ చెప్పిన తక్కువ బూడిద గల ఆయిలునే వాడవలెను.