షికాగో నుండి అరోరాకు: ఒక స్వల్పయానమునకు సన్నాహము

నలువది మైళ్లను అమెరికాలో దూరమని యెవ్వరును లెక్కింపరు. షికాగో నగరమధ్యమున నున్న లూప్ ప్రాంతమునుండి బయలుదేరి, పడమటి దిక్కుగా సాగి, ఫాక్స్ నది దాటి, అరోరాలోని శ్రీ వేంకటేశ్వరస్వామిని సేవించి, ప్రసాదము స్వీకరించి, ప్రొద్దు క్రుంకక మునుపే ఇల్లు చేరుట ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో అనేకములకు అలవాటైన పని యగుటచే, దాని కొక యోచనయు సన్నాహమును ఆవశ్యకమనుట కొందఱికి అతిశయోక్తిగా తోపవచ్చును. కాని మిన్నియాపొలిస్‌కో డెట్రాయిట్‌కో పోవలసినపుడు రెండు దినములు ముందుగనే టైర్లలో గాలి చూచుకొని, త్రోవ విచారించి, తినుబండారములు సర్దుకొను మనము, అరోరాకు పోవునపుడు తాళపుచెవి చేతికందినంతనే బండి యెక్కుదుము. ఆ నిశ్చింతయే ఈ చిన్న ప్రయాణమును పెద్ద ప్రయాణముకంటె ఎక్కువ ప్రయాసకరముగా మార్చుచున్నది. అదే నలువది మైళ్లు ఆదివారము తెల్లవాఱుజామున ముప్పావుగంటకు కొంచెము హెచ్చుగా గడచును. శుక్రవారము సాయంకాలమున గంటన్నర దాటినను గడవకపోవచ్చును. కావున ఇందు నిర్ణయించుకొనవలసిన విషయములలో మొదటిది బయలుదేరు వేళ. మార్గము దాని పిమ్మటిది.

ఈ మాటలోని సత్యము బోధపడుటకు లూప్‌నుండి పడమరకు పోవు రహదారి పుట్టుకను కొంత తెలిసికొనుట మంచిది. 1909లో డేనియల్ బర్నమ్, ఎడ్వర్డ్ బెన్నెట్ అను వాస్తుశిల్పులు షికాగో నగరమునకు రచించిన మహాప్రణాళికయందు, నగరహృదయమునుండి పడమరకు సూటిగా సాగు విశాలమైన రాజమార్గ మొకటి ప్రధానాంశముగా నుండెను. 1930 దశకపు ఆరంభమున నగరపు పెద్ద తపాలా కార్యాలయమును విస్తరించినపుడు, ఎన్నటికో రాబోవు ఆ మార్గమును మనస్సున నుంచుకొని, కట్టడము అడుగున దారి విడిచి కట్టిరి. నేడు మన కార్లు ఆ మహాభవనము క్రిందుగా దూఱి పోవుచుండుట ఆ దూరదృష్టికి ఫలము. రెండవ ప్రపంచయుద్ధానంతరము సిద్ధమైన ఆ రహదారికి తొలుత కాంగ్రెస్ ఎక్స్‌ప్రెస్‌వే అని పేరుండగా, 1964లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు పెట్టిరి. 1958 నాటికే దాని నడుమ రైలుపట్టాలు వేసి నగరపు రైళ్లను నడిపిరి. ఇప్పటికిని ఫారెస్ట్ పార్క్ వఱకు బ్లూ లైన్ రైలు మన కారు ప్రక్కనే, చాలమారులు మన కారుకంటె వేగముగా, పరుగిడుచుండును.

ఇంత ముందుచూపుతో మొదలైన దారి కొన్ని మైళ్లు పోయినంతనే ఇఱుకైపోవుట విచారకరము. ఆస్టిన్ బులెవార్డ్ వఱకు ఒక్కొక్క దిక్కున నాలుగేసి లేన్లుగా సాగిన ఐసెన్‌హోవర్, ఓక్ పార్క్ సరిహద్దున మూడు లేన్లకు కుదించుకొని, మానహైమ్ రోడ్డు సమీపము వఱకు అట్లే పోవును. పైగా ఆస్టిన్, హార్లెమ్ వీథుల యొద్ద ఎక్కు దారులును దిగు దారులును ఎడమవైపున నుండుటచే, వేగముగా పోవువారు ఆక్రమించుకొనిన లేన్‌లోనికే మెల్లగా వచ్చువారు చేరవలసియుండును. క్రొత్తగా కారు నడుపువారు ఈ రెండు చోట్లను ముందే మనస్సున గుర్తించుకొని, నడిమి లేన్‌లో నిలిచి పోవుట క్షేమము. ఉదయము పడమరకు పోవువారు తక్కువగా నుందురు, సాయంకాలము తూర్పునకు పోవువారు తక్కువగా నుందురు అను పూర్వపు లెక్క యిచ్చట చెల్లదు. ఓక్ బ్రూక్, లైల్, నేపర్‌విల్ ప్రాంతములలో కార్యాలయములు వెలసిన పిమ్మట, నగరమున నివసించుచు శివారులలో ఉద్యోగము చేయువారు హెచ్చి, రెండు దిక్కులును రెండు పూటలును నిండియే యుండును.

వారమునందలి దినములలో పోవలసివచ్చినచో ఉదయము పదిగంటలకు తరువాత, మధ్యాహ్నము రెండు గంటలకు లోపల, ఈ ఇఱుకు భాగమును దాటునట్లు చూచుకొనుట యుక్తము. శనివారము వేంకటేశ్వరునకు ప్రీతికరమైన దినమగుటచే ఆ నాడు ఆలయమున భక్తులు హెచ్చు, కారు నిలుపుటకు చోటు తక్కువ. అందుచే శనివారపు దర్శనము కోరువారు ప్రాతఃకాలముననే బయలుదేరవలెను. వారపు దినములందు ఆలయము తెఱచు వేళలు సెలవు దినముల వేళలవలె నుండవు గనుక, ముందుగా విచారించియే పోవుట మంచిది. ఇంకొక సంగతిని చాలమంది తలపరు: ఈ దారి దాదాపు సూటిగా తూర్పుపడమరలుగా నున్నది. మార్చి, సెప్టెంబరు మాసములలో రాత్రింబగళ్లు సమానమగు రోజులకు అటునిటు కొన్ని వారములపాటు, సాయంకాలము అరోరాకు పోవువారికిని, ఉదయము నగరమునకు వచ్చువారికిని సూర్యబింబము సరిగా కన్నులకెదురుగా నిలుచును. ముందటి అద్దము లోపలివైపున కూడ శుభ్రముగా తుడిచియుంచుట ఆ దినములలో అత్యవసరము.

హిల్‌సైడ్ యొద్ద 290వ నంబరు ఇంటర్‌స్టేట్ అగు ఐసెన్‌హోవర్‌ను విడిచి, మనవారు ఎయిటీ ఎయిట్ అని పిలుచు 88వ నంబరు టోల్‌వేను పట్టవలెను. 1958లో తూర్పుపడమరల టోల్‌వే అను పేరుతో తెఱచిన దీనికి, ఈ రాష్ట్రముననే టాంపికోలో జన్మించి డిక్సన్‌లో పెరిగిన రోనల్డ్ రీగన్ పేరును 2004లో పెట్టిరి. ఇచ్చట టోలు రొక్కముగా తీసికొనువా రెవ్వరును ఇప్పుడు లేరు. ఐ-పాస్ అను టోలు చెల్లింపు పరికరము గలవారు చెల్లించునది లేనివారు చెల్లించుదానిలో సగమే. లేనివారు పదునాలుగు దినములలోపల ఇంటర్‌నెట్టులో చెల్లింపకున్నచో బిల్లు ఇంటికి వచ్చును. తూర్పు రాష్ట్రములనుండి వచ్చు బంధువుల ఈజీ-పాస్ కూడ ఇచ్చట చెల్లును. అద్దె కారులో వచ్చు అతిథులకు మాత్రము, ఆ అద్దె సంస్థవారు టోలుపై విధించు అదనపు రుసుములను ముందుగనే అడిగి తెలిసికొమ్మని చెప్పుట మన ధర్మము.

ఐసెన్‌హోవర్ స్తంభించిన దినమున అనుసరింపదగిన మార్గములు రెండు కలవు. నగరమునుండి నైరృతి దిక్కుగా 55వ నంబరు ఇంటర్‌స్టేట్‌పై పోయి, 355వ నంబరు టోల్‌వేమీద ఉత్తరమునకు తిరిగి, 88ని కలిసికొనుట మొదటిది. చుట్టుదారియే అయినను ఆగక సాగును. షికాగో తొలి మేయరు విలియం ఆగ్డెన్ పేరు వహించిన ఆగ్డెన్ అవెన్యూ రెండవది. ఇది టోలు లేక, ఊరి వెంబడి ఊరుగా, నేపర్‌విల్ మీదుగా అరోరావఱకు పోవును గాని, అడుగడుగున సిగ్నళ్లుండుటచే తొందఱ లేనివారికే తగును. కారు నడుపలేని వారికి యూనియన్ స్టేషనునుండి అరోరా వఱకు మెట్రా రైలు కలదు. 1849లో అరోరా బ్రాంచ్ అను చిన్న రైలుసంస్థతో మొదలైన ఆ మార్గమే కాలక్రమమున బర్లింగ్టన్ అను మహాసంస్థగా పెరిగినది; ఆ రైలుదారి అరోరాకు ఎక్స్‌ప్రెస్‌వే రాకకు నూఱేండ్లు ముందే యుండెను. స్టేషనునుండి ఆలయమునకు నడిచి పోవుట సాధ్యము గాదు, టాక్సీ చేసికొనవలెను.

ఇంతవఱకు చెప్పినదంతయు కారు నడుపువారి సంగతి. కారులో కూర్చుండువారి సంగతి అంతకంటె ముఖ్యమైనదని నా నిశ్చితాభిప్రాయము. ఈ ప్రయాణమునకు మనకు తఱచు నిమిత్తమగువారు మన తల్లిదండ్రులు, అత్తమామలు. గుంటూరునుండియో వరంగల్లునుండియో కొన్ని మాసములు మనతో గడుపుటకు వచ్చి, వారమంతయు మనము కార్యాలయములకు పోగా నాలుగు గోడల నడుమ నుండి, శనివారము గుడికి పోవుటకై ఎదురుచూచువారు. స్వామిని చూచునంతవఱకు పచ్చి మంచినీళ్లు ముట్టని నియమము గల పెద్దలలో మధుమేహమునకు మందు వాడువారు కూడ నుందురు. ట్రాఫిక్కులో ఒక గంట ఆలస్యమైనచో ఆ నియమము ప్రమాదహేతువగును. కావున వారి మందు వేళ, ఆహారపు వేళ మొదట నిర్ణయించుకొని, దానినిబట్టి బయలుదేరు వేళను నిర్ణయించుకొనవలెను. వారితో ఈ మాట చనువుగా, ముందటి రాత్రియే, మాటలాడుకొనవలెను. వారు తమంతట తాము అడుగరు. దారిలో ఆపుమని చెప్పుటకు కూడ మొగమాటపడుదురు.

ఆపుటకు చోటెక్కడ ననునదియు తెలిసియుండవలెను. షికాగో అరోరాల నడుమ ఈ దారిపై, టోల్‌వేవారి విశ్రాంతిస్థలమగు ఒయాసిస్ ఒక్కటియు లేదు; 88పై నున్నది అరోరాను దాటి పశ్చిమమున డికాల్బ్ యొద్ద నున్నది. అందుచే ఆగవలసినచో దారి దిగి ఊరిలోనికి పోవలసినదే. ఓక్ బ్రూక్‌లో ఒకటి, నేపర్‌విల్‌లో ఒకటి, ఎగ్జిట్‌కు దగ్గఱగా మరుగుదొడ్డి శుభ్రముగా నుండు దుకాణములను ముందే చూచి పెట్టుకొనినచో పెద్దలు నిబ్బరముగా కూర్చుందురు. పసిపిల్లల విషయమున ఇల్లినాయ్ చట్టము స్పష్టముగా నున్నది. ఎనిమిదేండ్లు నిండని బిడ్డకు తగిన సీటు ఉండితీరవలెను. రెండేండ్లలోపు బిడ్డను, బరువునుబట్టియు ఎత్తునుబట్టియు కొన్ని మినహాయింపులున్నను, వెనుకకు తిరిగియుండు సీటులోనే కూర్చుండబెట్టవలెను. గుడి దగ్గఱేగదా యని అమ్మమ్మ ఒడిలో బిడ్డను పట్టుకొనుట ప్రేమతో చేయు పనియే, కాని కారు ఒక్కసారి ఆగినపుడు ఏ చేతులును ఆ బిడ్డను ఆపజాలవు. శీతకాలమున దట్టమైన కోటు తొడిగి పట్టీలు బిగించినచో కోటు మందమునకు పట్టీ వదులగును. కోటు తీసి, పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పవలెను.

శీతకాలమన్నంతనే వైకుంఠ ఏకాదశిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. డిసెంబరు నడుమ మొదలై జనవరి నడుమ ముగియు ధనుర్మాసమున వచ్చు ఆ పర్వదినము మన దేశమున హాయిగొల్పు చలిలో వచ్చునది. ఇచ్చట అదే దినము సంవత్సరమందలి కఠినతమమైన కాలమున పడుచున్నది. ఉత్తరద్వార దర్శనమునకు సూర్యోదయమునకు ముందే చేరవలెనని కోరుకొనువారు, గాఢాంధకారమున, మంచు కురిసిన దారిపై పోవలసియుండును. రహదారిపై చల్లు ఉప్పు 15 డిగ్రీల ఫారెన్‌హైటుకు దిగువన శక్తి కోల్పోవును. అనగా మిక్కిలి చలిగా నున్న రాత్రులందే దానిపై మనము ఆధారపడలేము. నేల వేడిమి తగులని వంతెనలు రోడ్డుకంటె ముందుగా గడ్డకట్టును. అరోరా చేరబోవుచు 88పై దాటు ఫాక్స్ నది వంతెన అట్టిదే. అచ్చట బ్లాక్ ఐస్ తడిరోడ్డువలె మెఱయుచుండును గాని బ్రేకు పట్టనీయదు. వంతెనకు ముందే వేగము తగ్గించుకొని, వంతెనపై బ్రేకు వేయక పోవలెను. ఆ దినమున ట్యాంకులో ఇంధనము సగమునకు తగ్గకుండుట, అద్దము తుడుచు ద్రవము గడ్డకట్టని రకమై యుండుట, ప్రతివారికి దుప్పటి యొకటి యుండుట, పెద్దలకు చెప్పుల స్థానమున జారని బూట్లుండుట చూచుకొనవలెను. చీరకట్టుతో బూట్లు తొడుగుటకు సంకోచించు అమ్మకు, గుమ్మము వఱకు బూట్లతోనే పోవచ్చునని ముందే చెప్పి యొప్పింపవలెను. ఆలయమున కార్లు నిలుపు ఆవరణలోనే జారిపడువారు కలరు. మంచుతుపాను హెచ్చరిక వెలువడినచో ప్రయాణమును మానుకొని, ఇంటనే దీపము వెలిగించి నమస్కరించుటలో అపచార మేమియు లేదు.

ఫాక్స్ నది దాటిన వెంటనే రూట్ 31 యొద్ద దిగి, దక్షిణమునకు తిరిగి, సలివాన్ రోడ్డుపై కుడికి మఱలినచో ఆలయము కొద్ది దూరమున వచ్చును. అరోరా ఇల్లినాయ్‌లో జనసంఖ్యనుబట్టి రెండవ నగరము. నాలుగు కౌంటీలలోనికి విస్తరించియున్నది. 1881లోనే వీథులన్నిటికిని విద్యుద్దీపములు అమర్చిన నగరముగా పేరొందినది. పగలు మిగిలియున్నచో, వచ్చిన దారిలోనే లైల్‌లో, ఉప్పు వ్యాపారి జాయ్ మోర్టన్ 1922లో నెలకొల్పిన వృక్షోద్యానము కలదు. పదునేడువందల యెకరములలో నున్న ఆ వృక్షసంపద అక్టోబరు ద్వితీయార్ధమున ఆకులు రంగులు మాఱు వేళ చూడదగినది. అరోరాకు ఉత్తరమున బటావియాలో ఫెర్మీ పరిశోధనాశాల కలదు. దాని తొలి సంచాలకుడు రాబర్ట్ విల్సన్ 1969లో తెచ్చి విడిచిన బైసన్ మంద సంతతి ఇప్పటికిని ఆ పచ్చికబయళ్లలో మేయుచున్నది. లోనికి పోవుటకు గుర్తింపు పత్రములు అడుగుదురు గనుక, సందర్శకుల నియమములు ముందే చూచుకొనవలెను. అయినను దర్శనముతో కలిపి ఒకే దినమున వీనిలో ఒక్కటికి మించి పెట్టుకొనుట పెద్దలను అలసటకు గుఱిచేయుటయే యగును.

తిరుగు ప్రయాణమున మఱచిపోరానిది ఒక్కటి గలదు. నగరము సమీపించినపిమ్మట ఐసెన్‌హోవర్‌కు ఉత్తరమున, 1994లో తెఱచిన యునైటెడ్ సెంటర్ అను క్రీడాభవనమున్నది; బుల్స్ జట్టు బాస్కెట్‌బాలును, బ్లాక్‌హాక్స్ జట్టు హాకీని ఆడు సాయంకాలములలో వేలకొలది కార్లు ఆ కొద్దిమైళ్లలోనికే వచ్చి చేరును. బయలుదేరుటకు ముందే ఆ నాటి ఆటల వేళను చూచి, ఆట మొదలగు వేళకు నగరము చేరునట్లయినచో, అరోరాలోనో నేపర్‌విల్‌లోనో రాత్రి భోజనము ముగించుకొని ఆలస్యముగా బయలుదేరుట మేలు. అది వీలుపడనిచో 355 మీదుగా దక్షిణమునకు దిగి 55ను పట్టవలెను. ఈ నిర్ణయము 355 కలియు చోటికి రాకమునుపే చేసికొనవలెను, ఏలయన దానిని దాటినపిమ్మట హిల్‌సైడ్‌కు ముందు 294వ నంబరు టోల్‌వే మీదుగా 55ను చేరుట యొక్కటే మిగులును.