సాక్ష్యంగా స్వీయచరిత్ర: 1948 నాటి జ్ఞాపకాలు

'షహాదత్' అన్న అరబీ పదానికి సాక్ష్యమనీ, ధర్మమార్గంలో ప్రాణత్యాగమనీ రెండర్థాలున్నాయి. ఘోర విపత్తు నుండి బ్రతికి బయటపడినవారి జ్ఞాపకాలను మొదటి అర్థంలో చదవవలసి ఉంటుంది. నాజీ శిబిరాల నుండి బయటపడిన యూదులు ఇటువంటి గ్రంథాలనేకం రాశారు. ఎలీ వీజెల్ గ్రంథంలో శిబిరంలో తండ్రి మరణమూ, కుమారుని విశ్వాసం చెదరటమూ విడదీయరానివి. విశ్వాసం, కుటుంబం, తానెవరన్న ఎరుక, ఈ మూడింటికీ ఒక్కసారే దెబ్బ తగిలింది.

అంతటి పరిమాణంలో కాకపోయినా, హైదరాబాదు సంస్థాన ముస్లిములకు 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత అటువంటి స్థితే ఎదురైంది. ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగింది. మరణాలు 27 వేల నుండి 40 వేల వరకు ఉంటాయని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్న ఎక్కువ నష్టపోయాయి. బలవంతపు మతమార్పిడులు జరిగాయి, స్త్రీలను ఎత్తుకుపోయారు. అంటే ఈమాన్ మీదా, ఇంటి మీదా ఒకే దెబ్బ. అయితే ప్రాణాలకు తెగించి ముస్లిములను కాపాడిన హిందువులను గురించీ ఆ నివేదిక చెప్పింది. హిందూ సాలెవారు తోటి ముస్లిం సాలెవారికి అడ్డు నిలిచారట. మగ్గం కలిపిన బంధుత్వం అది.

మరి ఈ కథను రాసినవారెవరు? ప్రధానమంత్రిగా పనిచేసిన మీర్ లాయఖ్ అలీ 1962లో ఇంగ్లీషులో రాశారు. ఉస్మానాబాద్ కలెక్టరు ముహమ్మద్ హైదర్ జ్ఞాపకాలు ఆయన మరణానంతరం 2012లో వెలువడ్డాయి. ఇబ్రాహీం జలీస్ ఉర్దూలో రాశారు. అందరూ చదువుకున్నవారే. భర్తను పోగొట్టుకున్న పల్లె స్త్రీ రాయలేదు. ఆమె గొంతు వినిపించేది అధికార నివేదికలో, అదీ ఎవరి మాటల్లోనో. ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలకు ఈ గ్రంథాలు అందలేదు.

దివ్య ఖుర్‌ఆన్ నాలుగవ సూరా 135వ ఆయత్ న్యాయసాక్ష్యాన్ని ఆదేశిస్తుంది. అది స్వయంగా తమకూ, తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే. ఈ గీటురాయిపై నిలిచేది ఫరీద్ మీర్జా గ్రంథం. నాందేడ్ జిల్లాలో తహసీల్దారుగా ఉండి రజాకార్ల దౌర్జన్యాలకు నిరసనగా ఉద్యోగం వదిలిన ఆయన, పోలీసు చర్యకు ముందూ, తర్వాతా తాను చూచినదాన్ని 1976లో ప్రచురించారు. ఒక వైపే చెప్పి ఉంటే తనవారి మెప్పు దక్కేది!

రజాకార్లను రద్దు చేయాలని కోరిన ఏడుగురు ముస్లిముల ప్రకటనలో ఆయన సంతకం కూడా ఉంది. దాన్ని 'ఇమ్రోజ్' పత్రికలో ప్రచురించిన సంపాదకుడు షోయబుల్లాఖాన్ మహబూబాబాద్ ప్రాంతంలో 1920లో జన్మించిన వరంగల్ సీమ బిడ్డ. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయనను హైదరాబాదులో హత్య చేశారు. షహాదత్ రెండర్థాలూ ఆయన విషయంలో కలిశాయనటంలో అతిశయోక్తి లేదు. తన స్వీయచరిత్ర రాసే వయసు ఆయనకు రానే లేదు.

సుందర్‌లాల్ బృందం నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. కొన్ని భాగాలు 1988లో ఉమర్ ఖాలిదీ సంకలనంలో వచ్చాయి. ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు 2013 ప్రాంతంలో అందుబాటులోకి వచ్చింది. 1948లో ఇరవై ఏళ్ళున్నవారికి అప్పటికి ఎనభై అయిదేళ్ళు.